ముప్పై ఒక్క చింతగింజలు

డాక్టరు అంకుల్ పోయారని గురువారం పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది వాళ్లమ్మాయి. కార్డిఫ్‌లో జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు. తండ్రిని ఆస్పత్రిలో చేర్చారని తెలిసి రెండు రోజుల ముందే గ్లాస్గో వచ్చింది. ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు అర్థమవుతుంది కాని జవాబు ఎప్పుడూ ఇంగ్లీషులోనే. ఆ రోజు మాత్రం తెలుగులో చెప్పింది. "నాన్న లేరు." అంతే.

నేను యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాను. తిరిగొచ్చిన పుస్తకాలను అరల్లో సర్దడం నా పని. "సరే అక్కా" అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని బండి తోసుకుంటూ వెళ్లాను. కాసేపటికి చూసుకుంటే ఒక అర మొత్తం తప్పు వరసలో పెట్టాను. అవన్నీ తీసి మళ్లీ పెడుతుంటే, ఏడుపు కన్నా ముందు ఒక మాట తోచింది. ఇక ఆయనకు చెప్పలేను.

జనవరిలో ఆయనతో ఒక అబద్ధం చెప్పాను. మార్చి దాకా చెబుతూనే ఉన్నాను. ఆయన గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చుంటే ఆ అబద్ధం తప్ప వేరే దారిలో లోపలికి వెళ్లడం చాతకావడం లేదు.

మేముండేది పాత రాతి ఇల్లు. అందరికీ కలిపి ఒకటే మెట్లదారి. ఇక్కడివాళ్లు దాన్ని క్లోజ్ అంటారు. ఆయన కింది ఫ్లాట్‌లో ఒక్కరే. సరిగ్గా ఆ పైన, మరో ఇద్దరమ్మాయిలతో కలిసి నేను. ఆయనది కాకినాడ వైపు. నలభై ఏళ్లు ఈ దేశపు ఆస్పత్రుల్లో మత్తు డాక్టరుగా పనిచేశారు. ఆంటీ పోయాక పెద్ద ఇల్లు అమ్మేసి, మెట్లెక్కే పని లేని ఈ ఫ్లాట్ కొనుక్కున్నారు. అప్పటికే కళ్లు పాడవుతున్నాయి. చూపు మధ్యలో ఒక నల్లటి మచ్చ. అంచులు మాత్రం కనిపిస్తాయి. మనిషి ఎదురుగా నిలబడితే చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. "అందరూ నాకు చెవులే" అనేవారు.

నేను చదువుకోవడానికి వచ్చిన మొదటి నవంబరులో, క్లోజ్ తలుపు దగ్గర ఒక కవరు పట్టుకుని నిలబడి ఉన్నారు. కంటి ఆస్పత్రి నుంచి వచ్చిన ఉత్తరం. చదివిపెట్టమన్నారు. చదివాను. కళ్లు చూపించుకోవడానికి ఫలానా తేదీన రమ్మని, చాలా చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఆయన నవ్వారు. నేను నవ్వలేదు. కొత్తవాళ్ల ముందు నాకు నవ్వు రాదు.

"ఏ ఊరమ్మా మీది?"

"కరీంనగర్, అంకుల్."

"నీ గొంతు బావుంది. ఏడవదు, నవ్వదు. ఎక్కడ నేర్చుకున్నావ్ ఇలా చదవడం?"

కాన్వెంటులో నేర్చుకున్నాను. మా హాస్టల్లో అందరూ అన్నం తినేటప్పుడు ఒకరు నిలబడి పుస్తకం చదవాలి. గొంతులో ఏమీ కలపకూడదని సిస్టర్ చెప్పేవారు. పుస్తకంలో ఎవరు చచ్చిపోయినా సరే, అన్నం తినేవాళ్లకు ముద్ద ఆగకూడదు. నేను మాట్లాడటానికి భయపడేదాన్ని కాని చదవడానికి కాదు. అందుకని ఎక్కువ రోజులు నన్నే నిలబెట్టేవారు.

ఇదంతా విని ఆయన, "టీవీ చదవగలవా?" అన్నారు.

అలా నేను స్కీ జంపింగ్ చూడటం మొదలుపెట్టాను.

మీలో చాలామంది ఈ ఆట చూసి ఉండరు. నేనూ అంతకుముందు చూడలేదు. కొండ మీద కట్టిన ఎత్తయిన వాలు ఉంటుంది. దాని తలలో అడ్డంగా ఒక బల్ల. మనిషి ఆ బల్ల మీద కూర్చుంటాడు. కాళ్లకు తన కన్నా పొడవైన స్కీలు. కింద ఒక పక్కన కోచ్ జెండా పట్టుకుని గాలి కోసం చూస్తుంటాడు. గాలి కుదరగానే జెండా ఊపుతాడు. మనిషి బల్ల వదిలి జారతాడు. వాలు అంచున పైకి లేస్తాడు. ఆ తర్వాత నాలుగైదు క్షణాలు ఏమీ లేదు. గాలిలో ముందుకు వాలి, దాదాపు పడుకుని, వంద మీటర్లు దాటి వెళ్తాడు. కింద మంచు మీద దూరానికి గుర్తుగా ఒక గీత ఉంటుంది. దిగేటప్పుడు ఒక కాలు ముందు, ఒక కాలు వెనక, చేతులు రెండు పక్కలకూ చాచాలి. అలా దిగకపోతే మార్కులు పోతాయి. నవంబరులో మొదలై మార్చి దాకా ప్రతి శనాదివారాలూ ఏదో ఒక దేశంలో పోటీ ఉంటుంది. ఒక వారం నార్వే, ఒక వారం పోలెండ్. అదే యాభై అరవై మంది మంచు వెంట తిరుగుతుంటారు.

ఈ దేశానికి వచ్చిన మొదటి చలికాలం, డాక్టర్ల క్వార్టర్స్ హాల్లో ఒంటరిగా కూర్చుని ఈ ఆట చూశారట ఆయన. తర్వాత ఏ సీజనూ వదల్లేదు. ఆంటీకి ఇది పిచ్చిగా ఉండేదట. వంటింట్లోంచే "ఇవాళెంత మంది పడ్డారండీ?" అని అడిగేవారట, కూర ధర అడిగినట్టు.

ఆయన పద్ధతులు ఆయనకుండేవి. పోటీ మొదలయ్యే ముందు వంటింటి మూలనున్న నీళ్ల పైపు మీద చెంచాతో మూడుసార్లు కొట్టేవారు. ఆ పైపు మా వంటింట్లోంచి కూడా వెళ్తుంది. ఆ చప్పుడు వినగానే నేను కిందికి దిగేదాన్ని. ఆయన అప్పటికే ఓవర్‌కోటు వేసుకుని కుర్చీలో కూర్చుని ఉండేవారు. అక్కడ మైనస్ పదకొండులో మనుషులు దూకుతుంటే మనం స్వెట్టరుతో చూస్తే ఏం మర్యాద అనేవారు. స్టీలు గ్లాసులో అల్లం టీ. పళ్లెంలో పప్పుచెక్కలు. మనిషి గాలిలో ఉన్నంతసేపూ నమలకూడదు. టీవీ చప్పుడు పూర్తిగా తగ్గించాలి. వ్యాఖ్యాత మనిషి దిగకముందే కేకలు వేస్తాడని ఆయనకు కోపం.

మొదటి రోజే ఒక షరతు పెట్టారు. "నువ్వనుకున్నది నాకొద్దు. నీకు కనపడింది చెప్పు."

బల్ల మీద కూర్చున్నాడు. జెండా ఊపారు. జారుతున్నాడు. లేచిండు. ఇలా నేను చెబుతుంటే ఆయన కుడిచేతి రెండు వేళ్లూ వాటంతటవే ఎడమ మణికట్టు మీదికి వెళ్లేవి. తన నాడి తనే పట్టుకునేవారు. ఉద్యోగంలో వచ్చిన అలవాటు. చివరికి ఒకే ప్రశ్న.

"దిగాడా?"

"దిగిండు, అంకుల్."

"దిగిండట" అని నా యాసలో అనుకుని, ఊపిరి వదిలి, పప్పుచెక్క కొరికేవారు.

ఎంత దూరం వెళ్లాడని ముందు అడగరేమని ఒకసారి అడిగాను. "దూరానిదేముందమ్మా. నేను నలభై ఏళ్లు మనుషుల్ని పైకి పంపి కిందికి దించుకున్నాను. పంపడం ఒక్క నిమిషం పని. జీతం దించడానికే ఇచ్చారు" అన్నారు.

ఆయనకొక నోటు పుస్తకం ఉండేది. అందరినీ రాయరు. ఏడుగురిని ఎంచుకుని ఆ ఏడుగురినే సీజనంతా రాస్తారు. చూపు పోయాక లావు నల్ల మార్కరుతో, పేజీకి నాలుగే అంకెలు పట్టేంత పెద్దగా రాసేవారు. ఎంత దూరమో రాసి, నేను దిగిండని చెప్పాకే దాని కింద అడ్డంగా ఒక గీత గీసేవారు. ఆ గీత పేరు నేల. పడిపోతే గీత బదులు ఇంటూ మార్కు.

మరొకటి, చింతగింజలు. మొదటి రౌండు అయ్యాక రెండో రౌండుకు ముప్పై మందినే ఉంచుతారు. ఎంతమంది అయ్యారో, ఇంకెంతమంది ఉన్నారో స్క్రీన్ మీది అంకె ఆయనకు కనిపించదు కదా. అందుకని ఇత్తడి గిన్నెలో ముప్పై చింతగింజలు పెట్టుకునేవారు. ఆంటీ ఎప్పుడో అష్టాచెమ్మా ఆటకని కాకినాడ నుంచి తెచ్చుకున్న గింజలు. వేళ్ల కింద అరిగి అద్దంలా ఉండేవి. ఒక్కో మనిషి దిగగానే ఒక గింజ తీసి పక్క గిన్నెలో వేసేవారు. చివరి గింజ అంటే మొదటి రౌండులో అందరికన్నా ముందున్నవాడు. అది వేళ్ల మధ్య పెట్టుకుని కళ్లు మూసుకునేవారు.

ఆ ఏడుగురిలో ఒకడు ఫిన్లాండ్ మనిషి. ముప్పై ఎనిమిదేళ్లు. మిగతావాళ్లంతా ఇరవైల్లో ఉంటే ఈయన ఒక్కడే వయసు పైబడినవాడు. నేను చూసిన రెండు చలికాలాల్లోనూ ఒక్క పోటీ గెలవలేదు. ఇరవయ్యో స్థానమో, ముప్పయ్యో స్థానమో. అంకుల్ ఆయన్ను ఫిన్లాండాయన అనేవారు, పక్కవీధి మనిషిలాగా. "మన ఫిన్లాండాయన మోకాలు ఎలా ఉందో చూడు. మెట్లెక్కేటప్పుడు కుంటుతున్నాడా?" నేను కనపడింది చెప్పేదాన్ని. ఆయన సంతోషించేవారు, లేదా చెయ్యి తడుముతూ టీ గ్లాసు వెతుక్కునేవారు.

ఈ ఏడాది జనవరిలో అంకుల్‌కు గుండెలో నొప్పి వచ్చింది. రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచి పంపారు. ఆందోళన పడకూడదని జీపీ చెప్పాడు. వాళ్లమ్మాయి నాకు ఫోన్ చేసి, డాడ్‌ను ప్రశాంతంగా ఉంచమని అడిగింది. ఆ మర్నాడే శనివారం. పైపు మీద మూడు దెబ్బలు వినిపించాయి.

ఫిన్లాండాయన ఆ రోజు బాగా దూకాడు. సీజను మొత్తంలో అంత బాగా ఎప్పుడూ దూకలేదు. అంకుల్ వేళ్లు మణికట్టు మీద ఉన్నాయి. నేను చెబుతూనే ఉన్నాను. గీత దాటిండు. ఇంకా పైనే ఉన్నడు. అప్పుడు ఫిన్లాండాయన కుడి కాలు నేలకు తగిలింది. స్కీ ఊడిపోయింది. మంచులో మూడుసార్లు దొర్లి, ఒక చెయ్యి కిందికి మడిచి, కదలకుండా ఉండిపోయాడు.

"దిగాడా?"

నేను ఆ ముఖం చూశాను. ఓవర్‌కోటు కాలరు పైన ఆస్పత్రి నుంచి వచ్చిన ముఖం.

"దిగిండు, అంకుల్."

"కాళ్లు?"

"ఒకటి ముందు, ఒకటి వెనక."

తెర మీద స్ట్రెచర్ తెస్తున్నారు. తర్వాతి మనిషిని బల్ల మీదికి పంపలేదు.

"ఇంత ఆలస్యమేంటి?"

"గాలి ఎక్కువుందంకుల్."

"ఎర్రగా ఏదో కదుల్తోందే."

ఆ మచ్చ అంచు నుంచి ఆయనకు ఆ రంగు కనిపించిందని నాకు అర్థమైంది. స్ట్రెచర్ మోసేవాళ్ల జాకెట్లు ఎర్రవి.

"కోచులు" అన్నాను. నా గొంతు ఏడవలేదు, నవ్వలేదు.

ఆయన పుస్తకం మీదికి వంగి రాసుకున్నారు. ఆయన రాసేటప్పుడు నేను చూడను. మా ఇద్దరికీ అదొక మర్యాద.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. పైకి వెళ్లి వెతికితే తెలిసింది. మోకాలిలో నరాలు తెగాయి. ఈ సీజనుకు ఇక లేడు. ఇకమీదట కూడా ఉండకపోవచ్చు. తర్వాతి శనివారం అంకుల్ మొదట అడిగిందే ఫిన్లాండాయన గురించి. ఆరోగ్యం కాస్త కుదుటపడ్డాక చెబుదామనుకుని, మొదటి రౌండులోనే బయటికి పోయిండని చెప్పాను. ముప్పై నాలుగో స్థానం. ఆ మర్నాడు ముప్పై ఆరు. మరుసటి వారం మళ్లీ ముప్పై నాలుగు.

అబద్ధం చెప్పడంలో కష్టమేమిటంటే దానికీ ఒక బల్ల కావాలి, ఒక జెండా కావాలి. ఇంకొకరి జంపును నెమ్మదిగా మళ్లీ చూపిస్తున్నప్పుడు, ఆ బొమ్మ మీద నేను ఫిన్లాండాయనను దూకించేదాన్ని. గాలి ఎటు వీస్తోందో, చేతులెలా ఉన్నాయో చెప్పేదాన్ని. కొన్ని వారాలకు ఇంకొకటి మొదలైంది. ఒకరు బల్ల వదిలి, మరొకరు వచ్చి కూర్చునేలోపు ఆ బల్ల ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలో నాకాయన కనిపించేవాడు. నీలం హెల్మెట్, మోకాలి మీద చెయ్యి. లైబ్రరీలో అరల మధ్య వంగినప్పుడు కూడా, ఆ చివర ఎవరో కూర్చుని జెండా కోసం చూస్తున్నట్టుండేది. తలెత్తితే ఎవరూ ఉండరు. ఆయన్ను పడేయడానికి నాకు చేతులు రాలేదు. ఆపేయడానికి కారణం చెప్పలేను. ప్రతివారం దించుతూ పోయాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం అంకుల్ చాలా నీరసంగా ఉన్నారు. పప్పుచెక్క పళ్లెం ముట్టలేదు. "పాపం, మళ్లీ బయటికేనా మనవాడు?" అన్నారు. ఆ గొంతు విని నేను ఫిన్లాండాయనను రెండో రౌండుకు పంపాను. ఇరవై ఏడో స్థానం. ఆయన లేచి కూర్చున్నారు. రెండో రౌండులో నేను మంచి జంపు కూడా ఇచ్చాను. కాళ్లు ఒకటి ముందు, ఒకటి వెనక. ఆయన గింజ తీసి పక్క గిన్నెలో వేశారు. పప్పుచెక్క ఒకటి తిన్నారు.

చివర, అందరికన్నా ముందున్నవాడు బల్ల మీద కూర్చున్నాడు. అంకుల్ గిన్నెలో చెయ్యి పెట్టారు. వేళ్లు గిన్నె చుట్టూ తిరిగాయి.

"ఒక గింజ తక్కువైందమ్మాయ్."

"కింద పడిందేమో అంకుల్" అని మోకాళ్ల మీద వంగి సోఫా కింద, కార్పెట్ మడతల్లో వెతికాను. దొరకలేదు. ఆయన ఉత్త వేళ్లను దగ్గరకు నొక్కి పట్టుకుని ఆఖరి మనిషి దిగేదాకా కూర్చున్నారు. నేను పైకి వెళ్తూ మెట్ల మీద ఆగిపోయాను. గింజ ఎక్కడా పోలేదు. రెండో రౌండుకు ముప్పై మందే. నేను ముప్పై ఒక్కరిని దూకించాను.

ఆ వారమంతా పైపు చప్పుడు కోసం భయపడ్డాను. చెంచా దెబ్బ వినపడకపోయినా వినపడినట్టుండేది. మా ఫ్లాట్ అమ్మాయిల్లో ఒకామె నీళ్లు వదిలితే చాలు, ఉలిక్కిపడేదాన్ని. "ఏమైందే నీకు, దయ్యం పట్టిందా?" అని అడిగింది. లేదన్నాను.

శనివారం యథాప్రకారం మూడు దెబ్బలు. యథాప్రకారం ఓవర్‌కోటు. ఆయనేమీ అడగలేదు. ఫిన్లాండాయన దూకాడు, ఇరవై తొమ్మిదో స్థానం. మొదలుపెట్టాక ఆపడం తెలియక మళ్లీ రెండో రౌండుకు పంపాను. ఈసారి చివరి మనిషికి గిన్నెలో గింజ ఉంది. అంకుల్ దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ, "సరిపోయాయి" అన్నారు. నేను గిన్నె వైపు చూడలేదు.

ఆ మర్నాడు ఆదివారం గాలి తగ్గలేదు. పోటీ ఆపి ఉంచారు. తెర నిండా మంచు, ఖాళీ బల్ల. ఎంతసేపటికీ మొదలవలేదు. అప్పుడాయన ఎన్నడూ చెప్పని సంగతి చెప్పారు. ఆయన మొదటి ఉద్యోగం రోజుల్లో, వేరే ఊళ్లో, పంతొమ్మిదేళ్ల అమ్మాయికి చిన్న ఆపరేషన్. మత్తు ఈయనే ఇచ్చారు. ఎవరి తప్పూ లేదని తర్వాత తేల్చారట. కాని అమ్మాయి లేవలేదు. కారిడార్లో తల్లి నిలబడి ఉంది.

"ఇంకాసేపట్లో లేస్తుందన్నానమ్మా ఆవిడతో. గంటకోసారి, నాలుగుసార్లు వచ్చి అడిగింది. నాలుగుసార్లూ అదే చెప్పాను. లేవదని నాకు రెండోసారికే తెలుసు."

నేను టీ గ్లాసు ఆయన చేతికి దగ్గరగా జరిపాను.

"సాయంత్రం అసలు సంగతి చెప్తే థాంక్యూ డాక్టర్ అని వెళ్లిపోయింది. ఆ నాలుగ్గంటలూ ఆవిడకి నేనిచ్చానో, ఆవిడ దగ్గర దొంగిలించానో ఇప్పటికీ తెలీదు. నువ్వేవంటావ్?"

మా కాన్వెంటు చాపెల్లో ఒక చెక్క గది ఉండేది. శుక్రవారాలు క్రైస్తవ అమ్మాయిలు ఒక్కొక్కరే లోపలికి వెళ్లి, ఫాదర్‌కు తమ తప్పులు చెప్పుకుని, తేలికైన ముఖాలతో బయటికి వచ్చేవారు. మేము బయట బల్ల మీద కూర్చుని షూ లేసులు కట్టుకునేవాళ్లం. ఆ తలుపు నాకెప్పుడూ తెరిచేవారు కాదు. ఆ ఆదివారం ఆయన తెరిచారు. ఎంతసేపు తెరిచి ఉంచారో కూడా నాకు గుర్తుంది. టీ చల్లారేంతసేపు. ఒక్క మాట చాలు. పడ్డడంకుల్, జనవరిలనే పడ్డడు. నాలుక చివరిదాకా వచ్చింది.

"గాలి తగ్గింది, అంకుల్" అన్నాను. "బల్ల మీద కూసున్నడు."

"చెప్పు" అన్నారు, మణికట్టు పట్టుకుంటూ.

తర్వాత మా ఇద్దరికీ రెండు వారాంతాలు మాత్రమే మిగిలాయి. మూడో వారం మంగళవారం ఆయన్ను అంబులెన్సులో తీసుకెళ్లారు. నేను లైబ్రరీలో ఉన్నాను. బుధవారం వెళ్తే వార్డులో నిద్రపోతున్నారు, మాస్కు పెట్టి ఉంది. వాళ్లమ్మాయి పక్కన కూర్చుని ఉంది. నేను పది నిమిషాలు నిలబడ్డాను. నిద్రలో కూడా ఆయన రెండు వేళ్లు మణికట్టు మీదే ఉన్నాయి. ఈ ఆదివారం సీజనుకు ఆఖరి పోటీ అని మెల్లిగా చెప్పాను. నేను చెప్పాల్సింది అది కాదు.

సోమవారం దహనం. ఆస్పత్రిలో ఆయనతో పనిచేసిన తెలుగు డాక్టర్లు, వాళ్ల భార్యలు వచ్చారు. అందరూ పెద్దవాళ్లే. ఆయన ఎంత నెమ్మదైన మనిషో, ఆపరేషన్ బల్ల మీద భయపడేవాళ్ల చెయ్యి ఎలా పట్టుకునేవారో చెప్పుకున్నారు. స్కీ జంపింగ్ సంగతి ఎవరికీ తెలియదు. నేను వెనక వరసలో కూర్చున్నాను.

కాని దానికి ముందు ఆదివారం ఉంది. ఆ మధ్యాహ్నం వాళ్లమ్మాయి మా తలుపు కొట్టింది. చేతిలో నోటు పుస్తకం, రెండు ఇత్తడి గిన్నెలు.

"హీ వాంటెడ్ యు టు హావ్ దీజ్" అంది. గిన్నెలు నా చేతికిచ్చి, "హీ సెడ్ యు వర్ హిజ్ ఐజ్" అంది.

నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. టీ తాగుతారా అక్కా అని అడిగాను. కింద పని ఉందని వెళ్లిపోయింది.

పుస్తకం తెరిచాను. ఏడుగురికి ఏడు చోట్లు. ఫిన్లాండాయన పేజీలు నల్లటి పెద్ద అంకెలతో నిండి ఉన్నాయి. నవంబరు, డిసెంబరు అంకెలన్నిటి కిందా గీతలున్నాయి. జనవరి ఆ శనివారం అంకె ఉంది. దాని కింద గీత లేదు. ఇంటూ మార్కూ లేదు. దాని తర్వాత నేను చెప్పిన అంకెలన్నీ ఉన్నాయి, ఒక్కటి కూడా తప్పిపోకుండా. నేను కల్పించిన దూరాలు, నేను కల్పించిన స్థానాలు. ఒక్కదాని కిందా నేల లేదు. మిగతా ఆరుగురి పేజీలూ తిప్పి చూశాను. అన్నిటి కిందా గీతలున్నాయి.

గింజ తక్కువవకముందే, నేను దిగిండని చెప్పిన ఆ క్షణమే ఆయనకు తెలుసు. ఎర్రజాకెట్లు చూశారో, నా గొంతే పట్టిచ్చిందో తెలియదు. తెలిసీ ప్రతి శనివారం పైపు మీద కొట్టారు. నా అబద్ధాన్ని రాసుకున్నారు, దాని మీద సంతకం మాత్రం పెట్టలేదు. ఆ నాలుగు గంటల సంగతి ఎందుకు చెప్పారో, నన్నెందుకడిగారో అప్పుడర్థమైంది. నేను చెబుతానని ఆయన పది వారాలు వేచి ఉన్నారు.

గిన్నె ఒంపి లెక్కపెట్టాను. ముప్పై ఒకటి. ముప్పై నున్నగా, అద్దంలా ఉన్నాయి. ఒకటి మాత్రం గరుకుగా ఉంది. పులుసు కోసం కొన్న చింతపండులోంచి తీసి, కడిగి, ఆరబెట్టినట్టుంది. చూపు లేని ఆ మనిషి వంటింట్లో నిలబడి, చింతపండు పిసికి, నా కోసం ఆ గింజ వెతికారు.

పోటీ మొదలయ్యే వేళ అయింది. నా గదిలో లాప్‌టాప్ పెట్టి, చప్పుడు పూర్తిగా తగ్గించాను. ఎదురుగా నా కుర్చీ, పక్కన ఇంకో కుర్చీ. కోటు వేసుకున్నాను. చివరి ఆదివారం, ఏడాదంతా ముందున్న ముప్పై మందినే దూకనిస్తారు. మొదటివాడు బల్ల మీదికి రాకముందు ఎప్పటిలాగే ఖాళీ బల్ల చూపించారు.

పక్క కుర్చీ వైపు తిరగలేదు. టీవీ చదివినట్టే, గొంతులో ఏమీ కలపకుండా చదివాను. జనవరిలో ఆ శనివారం కనపడింది చెప్పాను. లేచిండు. గీత దాటిండు. కుడికాలు తగిలింది. స్కీ ఊడింది. మూడుసార్లు దొర్లిండు. ఎర్రజాకెట్లు కోచులు కాదు, స్ట్రెచర్ మోసేవాళ్లు.

"పడ్డడు, అంకుల్."

వంటింట్లో పైపు చప్పుడేమీ చెయ్యలేదు.

తర్వాత ముప్పై మందినీ చెప్పాను, పేరుపేరునా. రెండో రౌండులో ఒక్కొక్కరు దిగగానే ఒక గింజ తీసి పక్క గిన్నెలో వేశాను. ఎవరూ పడలేదు. ఆఖరి మనిషి ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి దిగాడు. కింద అందరూ ఒకరినొకరు కావలించుకుంటున్నారు. సీజను అయిపోయింది. తెర మీద మంచు, దాని పైన ఖాళీ బల్ల.

గిన్నెలో ఒక గింజ మిగిలింది. గరుకుది. ఇంతసేపూ నా వేళ్లు దాన్ని తప్పిస్తూ వచ్చాయని అప్పుడే చూశాను.